ఏనుగు మీద ఇద్దరు

గంట పడుతుందన్నాడు డాక్టరు. గంటే కదా అనుకుంది పెద్దకోడలు. అత్తగారి చక్రాల మంచం రెండు రెక్కల తలుపు వెనక్కి వెళ్ళిపోయింది, రెక్కలు కాసేపు ఊగి ఆగిపోయాయి, ఆ తర్వాత చూడ్డానికి ఏమీ మిగల్లేదు. ఇనుప కమ్మీకి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదాంట్లో తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతున్న పెద్దమనిషి, నారింజ తొనలు ఒలిచి తను తినకుండా, ఇంకెవరికీ పెట్టకుండా ఒళ్ళో పోగేస్తున్న ఒకావిడ, గుర్రుగుర్రుమంటూ చన్నీళ్ళిచ్చే యంత్రం. ఆ యంత్రం పక్కనే, హాలు మొత్తానికి ఒకే ఒక్క ప్లగ్గు. అక్కడ కూర్చుంది. లాప్‌టాప్ మోకాళ్ళ మీద పెట్టుకుంది. తెరవకూడదని పొద్దున ఇంట్లో గట్టిగా అనుకుని మరీ సంచీలో వేసుకుంది, వేసుకుంటున్నప్పుడే తెలుసు తెరుస్తానని. చూడ్డానికే, ముట్టుకోవడానికి కాదు. పక్కింట్లో పెళ్ళవుతుంటే కిటికీలోంచి చూసినట్టు. పక్కిల్లా? తన ఇల్లే అది. ఇటుక ఇటుకా తను పేర్చుకున్న ఇల్లు. ఇవాళ దాని తలుపులు బార్లా తీసి, రండి రండి అని చుట్టాలను పిలుస్తున్నది మాత్రం చిన్నది.

చిన్నది అంటే తోడికోడలు, మరిది భార్య. ఇంట్లో పెద్దది, చిన్నది అన్న పిలుపులే, ఇద్దరూ ఒకేచోట పనిచేస్తారు కనక, ఆఫీసులోకి కూడా పాకిపోయాయి. నది పొంగితే ఏ వీధిలో ఎంత నీరు నిలుస్తుందో ముందే లెక్కగట్టి చెప్పే ఆఫీసు అది. ఆ లెక్క అంతా పెద్దకోడలిది, నది వంపులూ గట్ల ఎత్తులూ వంతెనల కాళ్ళూ ఒక్కొక్కటే ఎక్కించి, కంటికి కనబడని నదినొకదాన్ని ఏళ్ళ తరబడి పారించింది. దాన్ని చూడ్డానికి ఇవాళ జలాశయాల అధికారులు వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే ఆ విభాగం విడిగా ఏర్పడుతుంది, దానికొక అధిపతి ఉంటారు, ఆ అధిపతి ఎవరన్నది ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు, లేదా నిన్నటిదాకా తెలుసు. నిన్న సాయంత్రం అత్తగారు స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక. భర్త పనిమీద ఊళ్ళో లేడు, మరిది ఉద్యోగం ఎక్కడో దూరాన. "రేపు ఆస్పత్రిలో నేనుంటాలే, నువ్వెళ్ళి చూపించు" అంది పెద్దకోడలు. ఎందుకంది? అనాలి కనక అంది. పెద్దది కనక అంది. అని, చిన్నదాని మొహంలోకి చూసింది. అదేంటక్కా, పని నీది, నేనుంటాను అత్తయ్య దగ్గర, నువ్వెళ్ళు అంటుందని. ఎవరైనా అనే మాటే కదా అది, ఒక్కసారి అంటే చాలు, తను కాదూ కూడదని మళ్ళీ చిన్నదాన్నే పంపించేది, పంపించి హాయిగా ఇక్కడ కూర్చునేది. చిన్నది ఒక్క క్షణం ఆలోచించి "సరే అక్కా" అంది. ఆ సరే రాత్రంతా చెవిలో చీమలా తిరిగింది.

ఆఫీసులో పెద్ద కంప్యూటరుని అందరూ ఏనుగు అంటారు. ఎంతమంది ఎక్కినా మోస్తుంది కనక. ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని, ఎవరి నల్లతెర వాళ్ళు తెరుచుకుని, అందరూ ఒకే ఏనుగు మీద. పెద్దకోడలు తన ఫోన్ లోని నెట్‌ని లాప్‌టాప్‌కి అందించి, పాస్‌వర్డు కొట్టి ఎక్కింది. నిన్న అర్ధాంతరంగా వదిలేసి పరిగెత్తిన సెషన్ అక్కడే ఉంటుంది, అది ఆమెకి తెలుసు. మధ్యలో తీగ తెగినా, కరెంటు పోయినా, మనిషి లేచి వెళ్ళిపోయినా, ఏనుగు మీద తెరుచుకున్న ఆ సెషన్ చావదు. సగం కొట్టిన మాట సగంగానే, నడుస్తున్న లెక్క నడుస్తూనే, దీపం ఆర్పకుండా తలుపు మాత్రం దగ్గరగా వేసిన గదిలా కనిపెట్టుకుని ఉంటుంది. ఎక్కడినుంచైనా మళ్ళీ వచ్చి దాని పేరు పెట్టి పిలిస్తే చాలు, ఎక్కడ వదిలావో అక్కడ కళ్ళు తెరుస్తుంది. మనుషులు అలా ఉంటారా అని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. పుట్టింటికి నాలుగు రోజులు వెళ్ళొస్తే చాలు, వంటింట్లో గరిటెలు వేరే కొక్కేలకి మారిపోతాయి. పేరు పెట్టి పిలిచింది. పిలవగానే ఏనుగు చెప్పిన మాట ఒక్కటే. ఈ సెషన్‌లో ఇప్పటికే ఎవరో ఉన్నారు.

ఉంటారు మరి. ఉండమని చెప్పింది తనే. ఇవాళ్టి కోసం ఇచ్చిన అనుమతి కూడా కాదు, ఎప్పుడో ఇచ్చింది, తిరిగి తీసుకోవడం తోచలేదు. చిన్నది ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు కళ్ళు వాచిపోయి వచ్చి తన బల్ల పక్కన నిలబడింది, పొద్దుటినుంచి నడుపుతున్న లెక్క, నెట్ ఒక్కసారి తెగేసరికి మొత్తం పోయిందట, ఉద్యోగం కూడా పోతుందేమో అక్కా అంది. పిచ్చిదానా, నేరుగా ఏనుగు మీద పని చేస్తారా ఎవరైనా, ముందు సెషన్ తెరుచుకోవాలి, అందులో కూర్చుని పని చేసుకోవాలి, అప్పుడు నువ్వు పడిపోయినా పని పడిపోదు. అలా కూర్చోబెట్టి నేర్పింది. ఇంకా బాగా అర్థం కావాలని తన సెషన్‌లోకే రానిచ్చింది, ఇద్దరూ రెండు గదుల్లో కూర్చుని ఒకే తెర చూస్తారు, ఒకే కర్సర్, తను కొట్టిన అక్షరాల పక్కన అది కొట్టిన అక్షరాలు. హ్యాష్ గుర్తు ఒకటి ముందు పెట్టి ఏం రాసినా ఏనుగు పట్టించుకోదు, కనక ఆ గుర్తు పెట్టి ఇంగ్లీషు అక్షరాలతో మన మాటలే రాసుకునేవాళ్ళు. అక్కా అర్థం కాలేదు. అక్కా ఆకలేస్తోంది. అక్కా డైరెక్టరు నీ వెనకే ఉంది, చూసుకో. ఒక్కత్తే నవ్వుకుంటుంటే పక్క బల్లల వాళ్ళు వింతగా చూసేవాళ్ళు. అదంతా నిజమే, ఆ నవ్వు అబద్ధం కాదు. కానీ పిలిచి పీట వేసింది కూడా తనే. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని అత్తగారు ఒకసారి మురిపెంగా అంది, చిన్నదాన్ని చూసే అంది, ఎదురుగా కూర్చున్న చెవుల సంగతి ఆవిడకి గుర్తులేదు.

మళ్ళీ ప్రవేశించడానికి దారులు రెండు. ఒక్క అక్షరమే తేడా. ఒకటి కొడితే ఉన్నవాళ్ళ పక్కన చప్పుడు లేకుండా వెళ్ళి కూర్చోవచ్చు. రెండోది కొడితే ఉన్నవాళ్ళందరినీ దింపేసి తనొక్కతే ఎక్కవచ్చు. పెద్దకోడలు మొదటిది కొట్టింది, పక్కన కూర్చుంది. తెర వెలిగింది. కర్సర్ కదులుతోంది. తన చేతులు మోకాళ్ళ మీదున్నాయి, తన తెర మీద అక్షరాలు పడుతున్నాయి, ఎంత వింతగా ఉంటుందంటే మన చీర కట్టుకుని ఎవరో వీధిలో పోతుంటే మేడ మీంచి చూసినట్టుంటుంది. చిన్నదాని చెయ్యి ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది, మాటకీ మాటకీ మధ్య ఒక ఖాళీ చాలదని రెండు కొడుతుంది, తప్పు పడితే మొత్తం చెరిపి మళ్ళీ మొదటినుంచి కొడుతుంది, చిన్నపిల్ల పలక తుడిచినట్టు. నది కింది భాగం చూపిస్తోంది. వాన పెంచింది. నీరు మెట్లెక్కుతోంది. అక్కడ ఆగి రెండు నిమిషాలు మాట్లాడుతూ ఉండుంటుంది, కర్సర్ కళ్ళార్పుతోంది, ఆ సమావేశం గదిలో గోడంత తెర మీద ఇదే కర్సర్, ఇదే నీరు, ఎదురుగా అధికారులు, పక్కన డైరెక్టరు, చిన్నది ఆ నీలం చీరలో ఉందా, చేతులు తిప్పుతూ చెబుతుంది, దాని చేతులు అందంగా తిరుగుతాయి, తనవి ఎప్పుడూ జేబు దొరకనివాడి చేతుల్లా ఉంటాయి. ఇంతలో తెర అడుగున ఉన్న వరస మీద కన్ను పడింది. ఒకే సెషన్‌లో పనికొక గది చొప్పున తెరుచుకోవచ్చు, ఆ గదుల వరస అది. తన గదులకి తను ఏ పేర్లూ పెట్టుకోలేదు, వాటి అంకెలే వాటి పేర్లు. ఇప్పుడు వాటికి పేర్లున్నాయి. వాన. గట్టు. వంతెన. బస్తీ. చూసేవాళ్ళకి అర్థం కావాలని పెట్టి ఉంటుంది, మంచి ఆలోచనే, ఆ మంచి ఆలోచన తనకి ఇన్నేళ్ళూ రాలేదు, అదీ మంట. ఇంకోళ్ళ వంటింట్లో డబ్బాలకి చీటీలంటించడానికి ఎంత ధైర్యం కావాలి. అడిగిందా? అడిగితే తను ఒప్పుకునేదే. అడగలేదు.

అందులోనూ పోయిన నెల సంగతి. నది మూడో వంపు దగ్గర తన లెక్కలో తప్పుంది, నీరు ఎడమ గట్టు దాటాల్సింది కుడి గట్టు దాటుతోంది, ఎన్నాళ్ళుగానో దాటుతోంది, ఎవరికీ కనబడలేదు. చిన్నదానికి కనబడింది. కనబడ్డది నొప్పి కాదు. అందరిముందూ చెప్పి ఉంటే తను నాలుగు రోజులు తిట్టుకుని, ఆ తిట్టుకోవడంలోనే మరిచిపోయేది. చిన్నది అలా చెయ్యలేదు. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక కుర్చీ దగ్గరికి లాక్కుని, "అక్కా, ఇక్కడ నాకు సరిగ్గా అర్థం కావట్లేదు, ఒకసారి చూస్తావా" అంది. అర్థం కానిదేమీ లేదు దానికి. చూడగానే తెలిసింది ఇద్దరికీ. తప్పు దొరికిన చోట కూడా తన పరువు దానిచేతుల్లో పెట్టుకుని, జాగ్రత్తగా తెచ్చి తన ఒళ్ళో పెట్టి పోయింది. తెలివిలో ముందుంటే ఓర్చుకోవచ్చు, వయసు, చదువు, ఏదో ఒకటి అనుకోవచ్చు. మంచితనంలో కూడా ముందుంటే మనిషి ఎటు పోవాలి?

ఫోన్ మోగింది. మోగగానే నెట్ తెగింది, ఈ ఫోనుకి ఆ జబ్బు ఉంది, మాట్లాడితే నెట్ ఇవ్వదు, నెట్ ఇస్తే మాట్లాడనివ్వదు. ఆడపడుచు. అమ్మకి ఎలా ఉంది, లోపలికి తీసుకెళ్ళారా, మత్తు మొత్తం ఇచ్చారా నడుం దాకానేనా, చిన్న వదిన ఉందా పక్కన? లేదమ్మా, నేనున్నాను. ఓహో నువ్వున్నావా, ఐతే సరే. ఐతే సరే అంటే ఏమిటి, చిన్నది ఉంటే ఇంకా సరేనా? పెట్టేసింది. తెర మీద నీరు మెట్ల మధ్య గడ్డకట్టి ఉంది, తెగిపోయిన సెషన్ ఆఖరి బొమ్మ అది, అక్కడేమో నీరు ఇంకా పైకి పోయే ఉంటుంది. మళ్ళీ ఎక్కింది. తను దిగిపోయిన సంగతి ఏనుగుకి ఇంకా తెలియదు, ఆమె ఇంకా లోపలే ఉందనుకుంటోంది, పక్కన చిన్నది కూడా ఉందని చెబుతోంది. లోపల ఉన్న ఆ తను ఎవరు, చేతుల్లేని తను, ఆ నీళ్ళు చూస్తూ అలాగే కూర్చున్న తను. దాన్ని అలా వదిలేసి మళ్ళీ పక్కన కూర్చుంది.

అత్తగారి సంగతే చూడు. మోకాలు నొప్పి అన్న మాట మొదట చిన్నదానికి చెబుతుంది, అది వచ్చి అక్కా అత్తయ్యకి మోకాలు నొప్పట అని తనకి చెప్పాలి. పన్ను కదులుతోందన్నా దానికే. కొడుకు మీద కోపమొచ్చినా దానికే, ఆ కొడుకు తన మొగుడైనా సరే. ఇంటికి ముందొచ్చింది తను. ఆవిడ కళ్ళజోడు ఎక్కడ పెట్టి మరిచిపోతుందో తనకి తెలుసు, ఏ మాత్ర పొద్దున ఏది మాపున అన్నది తనకి తెలుసు, ఇన్నేళ్ళలో ఒక్క ఎదురుమాట లేదు. పరవాలేదత్తయ్యా. అలాగే అత్తయ్యా. నాకేం కష్టం అత్తయ్యా. చిన్నది చూస్తే, నీకు చెబితే ఒకటి చెప్పకపోతే ఒకటి అని ఆవిడ మొహం మీదే విసుక్కుంటుంది, అలిగి గదిలోకి పోయి తలుపేసుకుంటుంది, గంట పోయాక ఇద్దరూ ఒకే మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటారు. ఆ గదిలోకి తను టీ తీసుకెళితే మాటలు ఆగుతాయి. తనగురించి మాట్లాడుతున్నారని కాదు, అంత చెడ్డవాళ్ళు కాదు, మర్యాదకి ఆగుతాయి. ఆ మర్యాదే, ఆ మర్యాదే కత్తి.

నారింజావిడ ఒక తొన తన వైపు చాపింది. వద్దండీ, పరవాలేదు, అంది పెద్దకోడలు, అనేశాక ఆవిడ మొహం చిన్నబోవడం చూసి, తీసుకుంటే ఏం పోయిందనుకుంది. తెర మీద చిన్నది నదిని తిరిగి మొదటికి తెచ్చి, మూడో వంపు దగ్గరికి పోతోంది. అక్కడే ఆగింది. ఎందుకాగింది అక్కడ? ఇక్కడ ఒక తప్పుండేదండీ, నేనే చూశాను. చెబుతోందా? చెప్పదు. చెప్పదని తెలుసు. చెబితే బాగుండునని ఉంది, చెబితే ఇక అసహ్యించుకోవడానికి ఒక గట్టి కారణం దొరుకుతుంది, కాలు పెట్టడానికి ఒక రాయి. కర్సర్ అక్కడే కళ్ళార్పుతోంది. ఇప్పుడు ఆ గదిలో నవ్వుతున్నారేమో. డైరెక్టరు తలాడిస్తోందేమో, ఆవిడ నచ్చితే కళ్ళజోడు తీసి చేత్తో తిప్పుతుంది, తిప్పుతోందేమో. ఫోన్ మళ్ళీ మోగింది, ఆడపడుచే, నెట్ తెగింది, తీయలేదు, మోగి మోగి ఆగింది. మళ్ళీ ఎక్కింది. పేరు పెట్టి పిలిచింది. ఇప్పటికే ఉన్నారు, అంది ఏనుగు, నెట్ తెగినా లోపలే మిగిలిపోయిన తన రెండు దయ్యాలూ, చిన్నదీ. ఆ దయ్యాలని దింపాలి కదా, ఎన్నని పోగేస్తాం, శుభ్రంగా ఎక్కడం మంచిది, రోజూ తను ఒక్కతే ఉన్నప్పుడు అలాగే ఎక్కుతుంది, చేతికి అలవాటు. ఇవన్నీ తర్వాత అనుకున్న మాటలు. వేలు ఆ అక్షరం మీదికి వెళ్ళినప్పుడు మనసులో ఒక్క మాట కూడా లేదు. నోట్లో ఎండిపోయిన రుచి ఒకటి ఉంది, అంతే. కొట్టింది.

తెర శుభ్రంగా వచ్చింది. మూడో వంపు, నీరు, కర్సర్. కర్సర్ కదలదు. ఒక్కతే ఉంది. తన ఇల్లు తనకొచ్చింది. గుండె మెట్లు దిగుతున్నట్టు కొట్టుకుంటోంది, సంతోషంలాగే ఉంది, కాసేపు సంతోషమే. ఇప్పుడు ఆ గోడంత తెర మీద ఏముంటుందో ఆమెకి అక్షరం అక్షరం తెలుసు. నెట్ తెగితే ఏనుగు ఏమీ చెప్పదు, బొమ్మ గడ్డకట్టి ఊరుకుంటుంది, పాపం నెట్ పోయింది అనుకుంటారు. ఇది అలా కాదు. దింపినప్పుడు ఏనుగు చెప్పి దింపుతుంది, తన ఇంగ్లీషులో ఒక ముక్క రాసిపెడుతుంది, నిన్ను వేరే చోటినుంచి దింపేశారు అని. ఆ మాటకి అర్థమేమిటో చిన్నదానికి నేర్పింది కూడా తనే. అధికారులకి తెలియకపోవచ్చు. డైరెక్టరుకి తెలియకపోవచ్చు. ఆ గదిలో ఒక్కదానికి తెలుసు. పెద్దకోడలు కూర్చున్నచోటే కదిలి కూర్చుంది, చెవులు వేడెక్కాయి, తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసింది, నిద్రపోతున్న పెద్దమనిషి నోరు మూసుకుని మళ్ళీ తెరిచాడు. ఎవరూ చూడలేదు. పొరపాటున అని చెప్పవచ్చు. అత్తయ్యకి ఆపరేషను, కంగారులో ఏదో కొట్టాను అంటే కాదనేదెవరు. కంగారులో. అవును. అత్తయ్యని కూడా అడ్డం పెట్టుకోవచ్చు, అంతదాకా వచ్చింది మరి.

ఫోన్. ఈసారి చిన్నది.

తీసింది. అటునుంచి మాట లేదు, అడుగుల చప్పుడు, ఒక తలుపు మూసిన చప్పుడు. నడవలోకి వచ్చినట్టుంది.

"అక్కా, అత్తయ్యని బయటికి తెచ్చారా?"

"ఇంకా లేదు."

"ఓహో." ఊపిరి వినబడుతోంది. "వీళ్ళతో నెట్ పోయిందని చెప్పాను. ఒక్క నిమిషంలో వస్తానన్నాను."

నెట్ పోయిందని చెప్పిందట. ఒకళ్ళు చేసిన పనికి ఇంకొకళ్ళు అబద్ధం ఆడటం, అది కూడా అడగకుండా, అది కూడా నడవలోకి వచ్చి గొంతు తగ్గించి. తిట్టవచ్చు కదా. ఒక్క మాట అని ఉంటే తనూ ఒక మాట అనేది, ఇద్దరూ సమానమయ్యేవాళ్ళు.

"వచ్చినవాళ్ళలో పెద్దాయన ఒకటి అడుగుతున్నాడక్కా," అంది చిన్నది. "పైన గేట్లలో ఒకటి ఇరుక్కుపోయి తెరుచుకోకపోతే ఏమవుతుందీ అని. ఆ లెక్క మనం నడపలేదుగా. నడపలేదని చెప్పేస్తాను. మిగతాది చూపించి ముగిస్తాను." ఆగింది. "నన్ను ఎక్కనిస్తావా?"

ఎక్కనిస్తావా. మూడు నాలుగేళ్ళ పిల్ల ఉయ్యాల దగ్గర నిలబడి అడిగినట్టు అడిగిందా, లేదు, అలా అడగలేదు. పెద్దమనిషిలా అడిగింది. నువ్వే అని నాకు తెలుసు, నాకు తెలుసని నీకూ తెలుసు, ఇప్పుడు చెప్పు. ఏ మాటా తిప్పకుండా ఎంత సూటిగా అడిగిందో, పెద్దకోడలికి తన ఇన్నేళ్ళ పరవాలేదులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ఎక్కు," అంది. ఇంకేదో అనాలి. "నేనే దింపాను," అంది.

"తెలుసక్కా."

"చేతులారా దింపాను."

"తెలుసు. తర్వాత పోట్లాడతాను నీతో, ఇంటికొచ్చాక. ఇప్పుడు వాళ్ళు చూస్తున్నారు."

పెట్టేసింది. పెద్దకోడలు మళ్ళీ నెట్ అందించి, మళ్ళీ పాస్‌వర్డు కొట్టి, ఈసారి ఒళ్ళు దగ్గరపెట్టుకుని, పక్కన కూర్చునే అక్షరమే కొట్టింది. కర్సర్ కదులుతోంది. రెండేసి ఖాళీలు. చిన్నది లోపలికి వచ్చేసింది.

ఆ గేటు లెక్క ఉంది. అదీ సంగతి. ఎవరికీ చెప్పలేదు. కొన్ని ఆదివారాలు, ఇంట్లో అందరూ మధ్యాహ్నం నిద్రలో ఉండగా, అత్తగారి గదిలోంచి వచ్చే రేడియో వింటూ, ఒక గేటు ఇరుక్కుంటే, రెండు గేట్లు ఇరుక్కుంటే అని ఆమె ఒక్కతే నడుపుకుంది. అధికారులు అడిగేది అదేనని ఆమెకి తెలుసు, నీళ్ళ వాళ్ళ భయం ఎప్పుడూ గేటు మీదే. మిగిలినవి అని ఎవరూ తెరవని పేరు పెట్టి ఒక మూల దాచింది. వాళ్ళు అడగాలి, తను ఒక్క క్షణం ఆగాలి, ఆగి, అదీ చేశామండీ అనాలి. చిన్నది పక్కన కూర్చుని ఉండాలి. దానికి కూడా తెలిసి ఉండకూడదు. అది తెల్లబోయి తన వైపు చూడాలి. ఎన్ని రాత్రులు ఆ చూపు తలుచుకుని నిద్రపోయిందో. ఇప్పుడు ఆ అడగడం అయిపోయింది, ఆ క్షణం వచ్చి నిలబడింది, అందులో తను లేదు. చెప్పకుండా ఊరుకుంటే చాలు. చిన్నది నడపలేదని చెబుతుంది, పెద్దాయన పెదవి విరుస్తాడు, వచ్చే వారం తను వెళ్ళి, పాపం ఆ అమ్మాయికి తెలియదండీ, నా దగ్గరుంది అంటుంది. దానికేం అడ్డు? ఎవరికీ అన్యాయం కూడా కాదు. తన కష్టం తనది.

చిన్నది కింది బస్తీ బొమ్మ తెరిచింది. ముగించడానికి వెళుతోంది. మాట తప్పు కొట్టింది, మొత్తం చెరిపింది, మళ్ళీ మొదటినుంచి. ఆ చెరపడం చూస్తుంటే పెద్దకోడలికి ఏమైందో, అయ్యో చెయ్యి వణుకుతోంది దానికి అనుకుంది. తను దింపిన చెయ్యి అది. చిన్నది ఇంకా అక్షరం కొట్టకముందే తను కొట్టింది. మిగిలినవి. లోపలికి వెళ్ళింది. ఒక గేటు. తెర మీద ఇప్పుడు పడే అక్షరాలకి పేరుండదు, ఒకే కర్సర్, గదిలో ఉన్నవాళ్ళంతా చిన్నది కొడుతోందనే అనుకుంటారు, మెచ్చుకునేదీ దాన్నే, అది తెలుసు, తెలిసే ఒక్కొక్క అక్షరం బలవంతాన కొడుతోంది, త్యాగం చేస్తే తేలికగా ఉంటుందని ఎవరన్నారో వాళ్ళు ఎప్పుడూ చేసి ఉండరు. ఎంటర్ కొట్టింది. నది పైన ఎర్రగా ఒక గేటు. దాని వెనక నీరు పోగవడం మొదలైంది.

కర్సర్ ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత ఒక హ్యాష్ గుర్తు పడింది, దాని పక్కన రెండు ఖాళీలు, ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో, గోడంత తెర మీద, అధికారులందరి ఎదుటా, అక్కా ఇది నువ్వెప్పుడు చేశావు.

ఒసే, అంది పెద్దకోడలు పైకే. నారింజావిడ తిరిగి చూసింది. ఊరుకోవచ్చు కదా అది! ఊరికే నిలబడితే దానికే దక్కేది. అందరి ముందూ అక్కా అని రాసి, ఎవరా అక్క అని వాళ్ళడిగేలా చేసి, మా తోడికోడలండీ, ఈ పనంతా ఆవిడదే, ఆస్పత్రిలో ఉంది, అక్కడినుంచే కొడుతోంది అని చెబుతూ ఉంటుంది ఇప్పుడు, చేతులు తిప్పుతూ. ఇచ్చింది కూడా మిగల్చనివ్వదు. దాన్ని మించడానికి ఇంకేమీ లేదు ఇక, ఆ దారి మూసుకుపోయింది. మంట ఆరలేదు. కానీ మంటతో పాటు ఏదో గిలిగింత కూడా మొదలైంది, ఆపుకోబోతే ముక్కులోంచి వచ్చింది. హ్యాష్ గుర్తు పెట్టి, ఆదివారాలు, అని రాసింది. కాసేపాగి, రెండో గేటు కూడా ఉంది, చూపించు, అని రాసింది. చిన్నది చూపించింది. కొన్ని అక్షరాలు అది, కొన్ని తను, ఏవి ఎవరివో చూసేవాళ్ళకి తెలియకుండా, రెండు గేట్ల నీరూ వంతెన కిందినుంచి వచ్చి బస్తీ మొదటి వీధి దాకా పాకి ఆగేవరకూ.

"తుంటి ఎముక ఆవిడ తాలూకు ఎవరండీ?"

నర్సు. పెద్దకోడలు దేన్నీ మూయలేదు, దేని నుంచీ దిగలేదు, లాప్‌టాప్ మూత మాత్రం దించి లేచింది. రబ్బరు చెప్పుల వెనకే నడిచి రెండు రెక్కల తలుపు దాటింది. అత్తగారు మంచం మీద ఆకుపచ్చ దుప్పటి కింద ఎంత చిన్నగా ఉందో. నడుం కిందికే మత్తిచ్చారు, కళ్ళు తెరిచే ఉన్నాయి, మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"చిన్నది బాగా చెప్పిందా అక్కడ?" అంది, తన సంగతి అడిగేలోపలే.

"బాగా చెప్పిందత్తయ్యా."

"నువ్వెలా చూశావు?"

"పక్కనే ఉన్నాను."

"ఇక్కడుండి పక్కనెలా ఉంటావు?"

"మా పనిలో ఉండొచ్చత్తయ్యా."

అత్తగారు కళ్ళు పైకప్పు వైపు తిప్పింది. అర్థం కాలేదేమో, నిద్రపోతుందేమో అనుకుంది పెద్దకోడలు. దుప్పటి సరిచేయబోయింది.

"నీ పని అది చూపిస్తుంటే," అంది అత్తగారు, "నీకు కుళ్ళుగా లేదూ?"

అదేం మాటత్తయ్యా, నాకెందుకుంటుంది, అన్న మాట నాలుక చివరిదాకా తయారుగా వచ్చింది. ఇన్నేళ్ళూ వచ్చిన దారే. పెద్దకోడలు ఆ మాటని మింగింది.

"ఉందత్తయ్యా," అంది. "బోలెడుంది."

అత్తగారు తల తిప్పి కోడల్ని చూసింది, కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు కిందినుంచి పైదాకా చూసింది. "హమ్మయ్య," అంది. "ఇన్నేళ్ళకి మనిషిలా ఒక్క మాటన్నావు. నీతో ఏం చెప్పాలన్నా భయం నాకు, అన్నిటికీ పరవాలేదు, పరవాలేదంటావు, గోడతో చెప్పుకున్నట్టుంటుంది." నాలుకతో పెదవి తడుపుకుంది. "ఇలా దగ్గరికి రా. ఎవరూ వినకుండా ఒకటి చెప్పు. నాకు కాళ్ళున్నట్టే తెలియట్లేదు. తీసేశారేమోనని ఇందాకటినుంచి హడలి చస్తున్నాను, వీళ్ళనడిగితే నవ్వుతారని ఊరుకున్నాను. దుప్పటెత్తి చూడు."

పెద్దకోడలు దుప్పటి అంచు ఎత్తింది. వంగి చూసింది. చల్లగా ఉన్న పాదాన్ని అరచేత్తో పట్టుకుని, ఆవిడకి తెలియదని తెలిసినా వదల్లేదు.

"ఉన్నాయత్తయ్యా," అంది. "రెండూ ఉన్నాయి."